మధ్య సీటుకి బెల్టు

బండి పాతదైతే బెల్టు అక్కర్లేదన్న మాట ఏ మహానుభావుడు పుట్టించాడో గానీ, వాడు గనక చేతికి చిక్కితే సీట్లక్క తన పెద్ద సూదితో వాడి మూతి కుట్టేసేది. అదీ రెండు వరసల కుట్టు, విప్పడానికి వీల్లేకుండా.

సీట్లక్క అంటే కార్ల సీట్లు కుట్టే మనిషి. మెకానిక్కుల వీధిలో చివరి రేకుల షెడ్డు ఆవిడది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. షెడ్డులో ఓ పెద్ద కుట్టు మిషను, గోడకి ఆనించిన రెక్సిన్ చుట్టలు, ఎటు చూసినా ఫోము ముక్కలు. పన్నెండో ఏట తండ్రి పక్కన కూర్చుని రెక్సిన్ మీద సుద్దగీతలు గీయడం మొదలుపెట్టింది. ఆయన చూపు మందగించాక ఆ మిషను ముందు ఈవిడ కూర్చుంది. ఆడపిల్ల కార్ల సీట్లు కుట్టడమేమిటని బుగ్గలు నొక్కుకున్నవాళ్లే ఇప్పుడు బండి తెచ్చి, "అక్కా, మా సీటు ఎప్పుడిస్తావు?" అని బతిమాలతారు. ఆవిడ కుట్టుకి వేలెత్తి చూపేవాడు లేడు. నోటికి మాత్రం వీధంతా భయపడుతుంది.

ఆ నోటికీ లొంగని మనిషి ఒకడున్నాడు, స్వయానా అన్నయ్య.

అన్నయ్యకి అరవై దాటాయి. ఏదో కంపెనీలో వ్యాను తోలి రిటైరయ్యాడు. ఊరికే కూర్చుంటే కాళ్లు పీకుతాయని, తండ్రి కొన్న ముప్పై ఐదేళ్ల నాటి కారులో రోజూ తెల్లవారగానే నలుగురు ఆడవాళ్లని హైవే మీద పెద్దాసుపత్రికి చేరుస్తాడు. పెద్ద నర్సమ్మ, ఆసుపత్రి వంటశాల చూసుకునే ఆవిడ, మోకాళ్ల నొప్పులని ముందు సీట్లో కూర్చునే మందుల కౌంటరు ఆవిడ, నాలుగోది సీట్లక్క ఒక్కగానొక్క కూతురు. పిల్ల ఆ ఆసుపత్రి ల్యాబులో కొత్తగా చేరింది. ఆ వేళకి బస్సు లేదు. మావయ్య కారే దిక్కు.

పిల్ల ఉద్యోగంలో చేరిన వారానికి ఒక సాయంత్రం అన్నం తింటూ సీట్లక్క మామూలుగా అడిగింది. "బెల్టు పెట్టుకుంటున్నావా?"

"పక్కన బెల్టయితే వేలాడుతోందమ్మా. తగిలించడానికే ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటే? బకిల్ ఉంటుందిగా, సీటు సందులో."

"లేదమ్మా. చెయ్యి పెట్టి వెతికా. సీటు నున్నగా ఉంది."

సీట్లక్క చేతిలో ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. లేత్ మిషను మీద పని చేసే ఆవిడ భర్త పరమ శాంతమూర్తి, ఏది చెప్పినా "నీ ఇష్టం" అనేస్తాడు. ఆయన కూడా కంచంలోంచి తలెత్తి భార్య మొహం చూసి, మళ్లీ కంచంలోకే చూసుకున్నాడు. ఆదివారం తెల్లారేసరికి ఆవిడ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అన్నగారింటి ముందు నిలబడింది.

అన్నయ్య బకెట్ నీళ్లు పెట్టుకుని కారు కడుగుతున్నాడు. కన్నకొడుక్కి కూడా అంత శ్రద్ధగా ఒళ్లు రుద్ది ఉండడని వదిన అంటుంటుంది.

"అన్నయ్యా, వెనక బెల్టులు పనిచెయ్యట్లేదట."

"ఎందుకు పనిచెయ్యాలి?" అన్నాడు అన్నయ్య, స్పాంజి పిండుతూ. "ఇదేమైనా ఇప్పటి అట్టపెట్టె బండా? ఇనుము చెల్లీ, ఇనుము! గుద్దితే ఎదుటివాడు పోవాలి గానీ దీనికి గీత పడదు."

"ఇనుము నలగదు, నిజమే. అది నలక్కపోతే ఆ దెబ్బంతా ఎవరికి తగులుతుంది? లోపలున్న మనుషులకేగా! కొత్త బండి ముందు భాగం నలిగి కొంత దెబ్బ మింగుతుంది. నీ బండి ఏమీ మింగదు. అంతా తెచ్చి నీ రొమ్ములో పెడుతుంది. పాత బండికే బెల్టు ఎక్కువ అవసరం, అర్థమైందా?"

"నలభై ఏళ్లుగా తోలుతున్నా. ఒక్క యాక్సిడెంటు చెప్పు."

"నువ్వు గుద్దకపోతే సరా? ఎదుటివాడికి కూడా నలభై ఏళ్ల సర్వీసుండాలిగా!"

"బెల్టు పెట్టుకున్నాక బండికి నిప్పంటుకుంటే? నీళ్లలో పడితే?"

ఇదిగో, ఇక్కడే ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చేది. ఆ హైవే పక్కన పట్టుమని పది చెంబుల నీళ్లు నిలిచే గుంట లేదు, ఈయన కారు నీళ్లలో మునిగిపోతుందట! చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఈ ఇంట్లో అది తిరగబడింది. తన బెల్టునైతే ఆయన పోలీసులు కనపడ్డప్పుడు భుజం మీద తువ్వాలులా లాక్కుంటాడు, దాటగానే వదిలేస్తాడు. క్లిక్కుమన్న చప్పుడు ఆ కారులో ఎవరూ విని ఎరగరు.

"వదినా, నువ్వన్నా చెప్పరాదూ?"

"నేను చెప్తే వినే మనిషైతే ఈ కారు ఎప్పుడో తుక్కులో ఉండేది," అంది వదిన గుమ్మంలోంచి. "నువ్వు కానీ, నీ పని నువ్వు చూసుకో."

సీట్లక్క వెనక తలుపు తీసి సీటు మీద మోకాలు వేసి, సందులో చెయ్యి దోపింది. పిల్ల చెప్పింది నిజమే. నున్నగా ఉంది. వేళ్లతో నొక్కి చూస్తే ఫోము కింద గట్టిగా ఏదో తగిలింది. "ఏ దరిద్రుడు కుట్టాడే ఈ సీటు? బకిల్ బయటికి రావడానికి చీలిక ఉంచాలన్న ఇంగితం కూడా లేదా? వీడి చేతులు విరిగిపోను!" అని తిట్టుకుంటూ కవరు అంచు తిరగేసింది.

లోపల రెండు వరసల కుట్టు. ప్రతి ఆరంగుళాలకీ ఒక చిన్న ముడి.

ఆ ముడి ఈ ఊళ్లో ఒక్కరే వేస్తారు. తండ్రి ఆవిడకి నేర్పింది, ఆవిడ ఇంకెవరికీ నేర్పలేదు.

పద్నాలుగేళ్ల కిందట అన్నయ్యే షెడ్డుకి తెచ్చాడు ఈ కారు. "చెల్లీ, వెనక సీటు పళ్లెంలా ఉండాలి. ఆ బకిల్ ముక్కలు పొడుచుకుంటున్నాయి, లోపలికి తోసెయ్" అన్నాడు. ఆవిడ తోసేసింది. తండ్రీ అలాగే తోసేవాడు. వీధిలో అందరూ అలాగే తోసేవాళ్లు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవడమేమిటన్నది అప్పటి లోకం. చీలిక పెట్టకుండా సీటు బిగువుగా లాగి కుట్టడమే పెద్ద పనితనం. అలా లాగి కుట్టినందుకు అన్నయ్య ఆవిడ వీపు తట్టి మరీ వెళ్లాడు.

"ఏమిటే, మాట పడిపోయింది?" అన్నయ్య లోపలికి తొంగి చూశాడు. కుట్టు చూశాడు, చెల్లెలి మొహం చూశాడు, విషయం అర్థమైంది. పండగొచ్చినట్టయింది ఆయనకి. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నువ్వేనా ఆ దరిద్రుడివి? అందరూ రండి, సీటు కుట్టిన దొంగ దొరికింది!"

"నవ్వు, నవ్వు," అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనో సిగ్గుతోనో ఆవిడకే తెలీదు. ఎన్ని సీట్లు కుట్టింది ఇలా? వందా? రెండు వందలా? ఎన్ని కార్లలో ఎంతమంది వెనక సీట్లో చెయ్యి పెట్టి వెతికి, లేదులే అని ఊరుకుని ఉంటారు? కుట్టు విప్పే కత్తి తీసి తన కుట్టుని తనే బరబరా కోసేసింది.

రెండు బకిళ్లూ బయటపడ్డాయి. పద్నాలుగేళ్లు చీకట్లో ఉన్నా తళతళలాడుతున్నాయి. బెల్టు తెచ్చి దోపితే క్లిక్కుమంది. అన్నయ్య చేతులు దులుపుకున్నాడు. "అయిందిగా? ఇంక దయచెయ్యి."

"అవలేదు. ఆ బెల్టు పట్టుకుని గట్టిగా లాగు."

"ఎందుకు?"

"లాగమంటున్నానా? నీ బండి ఇనుమన్నావుగా."

మాట పడే మనిషి కాదు. సీటుకి కాళ్లు తన్నిపెట్టి రెండు చేతులా బెల్టు పట్టి ఒక్క గుంజు గుంజాడు. కర్రుమని ఒక చప్పుడు. బెల్టు, దాని చివర బోల్టు, బోల్టు చుట్టూ అప్పడమంత తుప్పు రేకు, అన్నీ కలిసి ఊడొచ్చాయి. అన్నయ్య తలుపులోంచి వెనక్కి పడి బకెట్లో కూర్చున్నాడు.

వదిన ముందు కంగారుపడి, దెబ్బ తగల్లేదని తెలిశాక గోడ పట్టుకుని మరీ నవ్వింది. సీట్లక్క నవ్వలేదు. మ్యాటు తీసి చూసింది. సీటు కింద ఎప్పటి వాన నీరో చేరి, నేల రేకు జల్లెడైపోయి ఉంది. బోల్టు కన్నంలోంచి కింద రోడ్డు కనపడుతోంది.

"బెల్టు గట్టిదైతే చాలదన్నయ్యా. దాన్ని పట్టుకున్న రేకు గట్టిగా ఉండాలి. నువ్వు ఒక్కడివి చేత్తో లాగితేనే ఇలా అయింది. బండి వేగంగా పోతూ ఆగితే పిల్ల బరువు ఎన్నింతలవుతుందో తెలుసా?"

అన్నయ్య తడి పంచె పిండుకుంటూ ఆ కన్నంలోకి వంగి చూశాడు. "నాన్న కారుకి తూట్లు పొడుస్తావా ఏంటి?" అన్నాడు. గొంతులో మునుపటి బింకం లేదు.

"నాన్నే ఉంటే నిన్ను చెప్పుచ్చుకుని కొట్టేవాడు. బండి షెడ్డుకి తీసుకురా."

వెల్డింగు మేస్త్రీ ఆదివారం సెలవైనా వచ్చాడు. తుప్పంతా కోసేసి కొత్త రేకు అతికాడు. దాని అడుగున, ఒక్కో బోల్టు కింద అరచెయ్యంత వెడల్పున దళసరి పలక వెల్డింగు చేశాడు. "ఇప్పుడు లాగండి చూద్దాం" అన్నాడు అన్నయ్యతో. అన్నయ్య ఈసారి లాగలేదు. ముందు సీటు బెల్టులు కూడా చూడమని మాత్రం మెల్లిగా అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే సీట్లక్క పని చూసుకుని మురిసిపోదామని వీధి చివరికి వెళ్లి నిలబడింది. కారొచ్చింది. కూతురెక్కింది. కిటికీ పక్క పెద్ద నర్సమ్మ, అవతలి కిటికీ పక్క వంటశాల ఆవిడ, ఇద్దరికీ దర్జాగా బెల్టులు. వాళ్ల మధ్యలో, ముందు సీట్లు రెండూ చేతుల్తో పట్టుకుని, బెల్టన్నది లేకుండా, తన పిల్ల.

"ఆపు! అన్నయ్యా, ఆపమంటున్నానా!"

ఆ కాలం కారుకి వెనక మధ్యలో బెల్టే లేదు. ఆ సంగతి సీట్లక్కకి తెలియక కాదు. పిల్ల కిటికీ పక్కనే కూర్చుంటుందని తనకి తానే అనుకుంది. తగిలించడానికేమీ లేదంటే ఆ కిటికీ వైపు లేదనుకుంది గానీ, ఎక్కడ కూర్చుంటావే అని ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

"నువ్వు మధ్యలో ఎందుకు కూర్చున్నావే?"

"నేనే కదమ్మా అందరికన్నా చిన్నదాన్ని," అంది పిల్ల, విషయమేమిటో అర్థంకాక. "పెద్దవాళ్లకి మంచి చోటు వదిలెయ్యాలని నువ్వేగా చెప్పావు."

అవును, ఆవిడే చెప్పింది. రెండేళ్ల వయసు నుంచి నూరిపోసింది. బస్సులో లే, పెద్దావిడకి చోటివ్వు. ఇంటికొచ్చిన వాళ్లకి కుర్చీ ఇవ్వు. ఇన్ని మాటలు గాలికి వదిలేసిన పిల్ల ఈ ఒక్కటి మాత్రం పట్టుకుని కూర్చుంది! ఎవరి మీద కేకలెయ్యాలో తెలీక ఆవిడ కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది.

"నన్ను మధ్యలోకి రమ్మనకమ్మా, వాంతులవుతాయి," అంది నర్సమ్మ ముందుజాగ్రత్తగా.

"నేనొస్తాను గానీ," అంది వంటశాల ఆవిడ, తన ఒళ్లు తను చూసుకుని, "అప్పుడు మీరిద్దరూ కిటికీలోంచి బయటకి పోతారు."

మందుల కౌంటరు ఆవిడ గడియారం చూసుకుంది. డ్యూటీ టైము మించిపోతోంది. పిల్ల, "అమ్మా, ప్లీజ్, పరువు తియ్యకు" అని కళ్లతో బతిమాలింది. కారు వెళ్లిపోయింది. సీట్లక్క ఆ రోజు ఒక్క కుట్టు కూడా తిన్నగా కుట్టలేదు. ఫోను మోగినప్పుడల్లా మిషను ఆపి పరిగెత్తింది. తుక్కు దుకాణంలో బెల్టులు దొరుకుతాయి గానీ, ఒకసారి గుద్దుకున్న బండి బెల్టు సాగిపోయి ఉంటుంది, మళ్లీ పనికిరాదు. అందుకని స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లి కొత్త నడుము బెల్టు తెచ్చింది. సాయంత్రం కారు రాగానే వెల్డింగు మేస్త్రీని పిలిచి, సీటు మధ్యలో రెండు పలకలు వేయించి, బెల్టు బిగించింది. అన్నయ్య పక్కన నిలబడి టార్చి పట్టాడు.

తర్వాత కూతుర్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. "ఇది భుజం మీదకి రాదు కాబట్టి జాగ్రత్తగా పెట్టుకోవాలి. బొడ్డు మీద కాదు, ఇంకా కిందకి. ఈ రెండు తుంటి ఎముకలున్నాయే, వీటి మీద. కడుపు మీద ఉంటే లోపల పేగులకి దెబ్బ. బిగించి లాగు. ఇంకా."

"అబ్బా, అమ్మా! తెలిసిందే!"

"తెలిస్తే పెట్టి చూపించు."

రోజూ ఇదే వరస. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "ఎక్కడ పెట్టుకోవాలి?" అని తల్లి, "ఎముకల మీద!" అని విసుగ్గా కూతురు. భర్త కూడా ఒకరోజు, "పిల్ల పారిపోతుందే నీ పోరు పడలేక" అన్నాడు. ఆయన నోటివెంట "నీ ఇష్టం" కాక ఇంకో మాట వచ్చిందంటే పోరు ఏ స్థాయిలో ఉందో చూసుకోండి. షెడ్డుకొచ్చిన ప్రతి పాత బండినీ ఆవిడ వెనక సీటు నొక్కి చూసేది. బకిల్ కింద ఉంటే అడక్కుండానే కోసి బయటికి తీసేది. "బాగున్న సీటు కోసేశావేంటక్కా?" అని గొడవకొచ్చిన వాళ్లతో ఆవిడ పడ్డ తగువులు రాస్తే అదో పుస్తకం.

రెండున్నర నెలలు గడిచాయి. సన్నగా జల్లు పడుతున్న ఒక పొద్దున ఆవిడ అప్పుడే షెడ్డు తాళం తీసింది. ఫోను. అన్నయ్య. "కంగారుపడకు" అన్నాడు. ఆసుపత్రి ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయిందట. బ్రేకు వేసినా తడి రోడ్డు మీద కారు జారుకుంటూ వెళ్లి గుద్దిందట. అందరూ బతికే ఉన్నారు. "పిల్ల?" అంటే, "డాక్టరు చూస్తున్నాడు" అన్నాడు.

వెల్డింగు మేస్త్రీ బైకు మీద ఎలా వెళ్లిందో, దారిలో ఏం మాట్లాడిందో ఆవిడకి గుర్తులేదు. ఎమర్జెన్సీ వార్డు బయట నర్సమ్మ నోటికి దూది అడ్డం పెట్టుకుని కూర్చుంది, నాలిక కొరుక్కుందట. వంటశాల ఆవిడ ఏడుస్తోంది గానీ దెబ్బల్లేవు. మందుల కౌంటరు ఆవిడ కళ్లజోడు విరిగింది, భుజం వాచింది. అన్నయ్య చొక్కా విప్పి ఉన్నాడు. కుడి భుజం నుంచి రొమ్ము మీదుగా ఏటవాలుగా ఎర్రటి చార.

చెల్లెల్ని చూడగానే ఆయన మొదటిమాట ఏమన్నాడో తెలుసా? "బండికేం కాలేదే, ఒక్క బంపరే వంగింది" అన్నాడు!

"నోర్ముయ్ అన్నయ్యా!" ఆ అరుపుకి వార్డులో వాళ్లు కూడా తిరిగి చూశారు. "బండి! బండి అంటాడు! నీ బండిని తగలెట్ట!" అని చెయ్యెత్తి, ఆ ఎర్రటి చార కనపడి, ఎత్తిన చెయ్యి అక్కడే దింపేసింది. అన్నయ్య అప్పుడు ఏడ్చాడు. అరవై దాటిన మనిషి, నలుగురిలో, చెల్లెలి చెయ్యి పట్టుకుని. "అది మధ్యలో ఉందే. దాని ఎదురుగా ఏ సీటూ లేదే. బెల్టు లేకపోతే అద్దంలోంచి లారీ కిందకి పోయేదే" అన్నాడు.

లోపల పిల్ల మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. డాక్టరు కడుపు నొక్కి చూసి, స్కానింగు చేసి, లోపలేమీ కాలేదన్నాడు. నడుము బెల్టు కాబట్టి ఎందుకైనా మంచిది, రేపటి దాకా ఇక్కడే ఉంచి చూద్దామన్నాడు. ఆయన వెళ్లాక సీట్లక్క మంచం పక్కన నిలబడి, దుప్పటి పక్కకి తీసి, చొక్కా అంచు పైకి జరిపింది.

బొడ్డుకి బెత్తెడు కిందుగా, ఈ తుంటి ఎముక నుంచి ఆ తుంటి ఎముక దాకా, రెండంగుళాల వెడల్పున నల్లగా కమిలిన పట్టీ. ఎక్కడా వంకర లేదు. కడుపు మీదకి వెంట్రుకవాసి కూడా ఎక్కలేదు.

రోజూ విసుక్కుంది. రోజూ కసిరింది. అయినా రోజూ చెప్పిన చోటే పెట్టుకుంది పిచ్చి పిల్ల. సీట్లక్క ఆ కమిలిన చోట వేలితో తాకబోయి, తాకలేక, మంచం అంచు పట్టుకుని కూలబడింది.

"అమ్మా, ఏడవకే," అంది పిల్ల. "ఎముకల మీద చాలా నొప్పిగా ఉంది."

"నొప్పెట్టనీ," అంది సీట్లక్క, పిల్ల అరచెయ్యి తన చెంపకి అదుముకుని. "నొప్పెట్టనీ తల్లీ. నొప్పెట్టనీ."